పైలము చాలదు

ఇట్టి విషయమును పత్రికలో వ్రాయుటకు నేను చిరకాలము సంకోచించితిని. కాని సిగ్గుచే మనము దాచుకొన్నదే మన యారోగ్యమునకును సంసారసుఖమునకును చేటు తెచ్చుచున్నప్పుడు మౌనము మర్యాద యనిపించుకొనదు. కావున నాకు జరిగినదానినే చెప్పుచున్నాను.

మాది హుజూర్‌నగరు. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోనిది. 2016 నుండి సూర్యాపేట జిల్లాలో చేరినది. వీర్యస్ఖలనమునకు ముందే పురుషుడు తొలగిపోవు పద్ధతికి మా యింట వేరు పేరు లేదు. "పైలంగ ఉండుట" అనియే యందుము. పైలమనగా జాగ్రత్త. మాత్ర లేదు, సూది లేదు, ఖర్చు లేదు, ఒకరి నడుగవలసిన పని లేదు. మొదటి కాన్పు తరువాత మేము దీనినే నమ్ముకొంటిమి.

బిడ్డకు ఎనిమిదవ నెల నడుచుచుండగా, సాగరు ఎడమకాలువ క్రింద నాట్లు పడుచున్న దినములలో, నాకు వాంతులు మొదలైనవి. ప్రసవానంతరము నే నింకను ముట్టు కాలేదు గనుక అజీర్తి యనుకొంటిని. పరీక్ష చేయగా గర్భమని తేలెను. ఆ వార్త విని నా భర్త కొంతసేపు మాటాడలేదు. పిదప, "నేను పైలంగనే ఉంటి గద!" అనెను. అంతకంటె నొక్క మాటయు ననలేదు. కాని యా మాటలో దాగిన ప్రశ్న నాకు వినబడెను. ఏ తప్పును చేయని నేను రెండు దినములు తల వంచుకొని తిరిగితిని.

మూడవనాడు మా వీధికి వచ్చిన నర్సమ్మతో ఏడ్చుచు చెప్పుకొంటిని. ఆమె మా యిరువురిని కూర్చుండబెట్టి విషయమును విప్పి చెప్పెను. స్ఖలనమునకు ముందు స్రవించు ద్రవములో కొందరు పురుషులకు సజీవ శుక్రకణము లుండును. అది వచ్చుట పురుషునికి తెలియదు. అతని యధీనములో నుండదు. ఒక్క క్షణ మాలస్యమైనను, వీర్యము యోనిద్వారమున పడినను, గర్భము రావచ్చును. ప్రసవమైన పిదప ముట్టు రాకమునుపే అండము విడుదల కావచ్చును. చనుబాలొక్కటే త్రాగించుచు ముట్టు రానంతవరకు గల రక్షణ సైతము ఆరు నెలలకు మించి నమ్మదగినది కాదు.

ఈ పద్ధతి ననుసరించు దంపతులు నూరుమందిలో ఒక యేడాదిలో సుమారు 20 మందికి గర్భము వచ్చును. ఏ పొరపాటును లేక నడపినను సుమారు 4 గురికి తప్పదు. సుఖవ్యాధులనుండి, హెచ్.ఐ.వి. నుండి ఇది కాపాడదు. ఏ జాగ్రత్తయు లేకుండుటకంటె మేలే. కాని కోట గోడ యనుకొని నిదురపోదగినది మాత్రము కాదు.

ఇదంతయు విని నా భర్త సిగ్గుపడెను. "నీ మీద అనుమానం పెట్టుకొంటి" నని తానే యొప్పుకొనెను. ఆ గాయము మానినది గాని, దేహమున పడిన భారము మానుటకు చాలకాలము పట్టినది. పెద్దవానికి పాలు తగ్గిపోయెను. నాకు రక్తము తక్కువయ్యెను. ఒక కాన్పునకు మరల గర్భమునకు నడుమ కనీసము 24 నెలలుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుట యెందులకో నా శరీరమే నాకు నేర్పినది. రెండవ బిడ్డపై నాకు ప్రేమ తక్కువ యని కాదు. ఆమె రాకకు నేను సిద్ధముగా లేనని మాత్రమే.

ఈ పద్ధతిలోని పెద్ద లోప మిదియే: నిగ్రహము పురుషునిది, ఫలము స్త్రీది. అది తప్పినపుడు కడుపును మోయవలసినది, నిందను మోయవలసినది కూడ మనమే. గర్భవిచ్ఛేద చట్టమును 2021లో సవరించినపుడు, స్త్రీగాని యామె సహచరుడుగాని యనుసరించిన పద్ధతి విఫలమగుట కద్దని యంగీకరింపబడినది. చట్టమే యొప్పుకొనిన దానికి ఇంటిలో ఇల్లాలిని శంకింపనేల?

మన ప్రాంతమున పెక్కుమంది కాన్పులు చాలుననుకొన్న పిదప ఆపరేషను చేయించుకొందురు. కాన్పుకు కాన్పుకు నడుమ నేమి చేయవలెనో యోచించువారు తక్కువ. ప్రభుత్వ వైద్యశాలలలో నిరోధ్, కాపర్-టి, మూడు నెలల కొకసారి వేయు అంతర సూది, ఛాయా మాత్రలు ఉచితముగా లభించును. ఛాయాను మొదటి మూడు నెలలు వారమునకు రెండు, తరువాత వారమునకొకటి చొప్పున వేసికొనవలెను. మన దేహమునకు తగినదేదో వైద్యుల నడిగి తెలిసికొందము. ఎన్నడైన జాగ్రత్త తప్పినచో అత్యవసర మాత్రను 72 గంటలలోగా, ఎంత త్వరగానైన నంత మేలుగా, వేసికొనవలెను. దానిని మాత్రము నిత్యాభ్యాసము చేసికొనరాదు.

రెండవ కాన్పు కాగానే నేను కాపర్-టి వేయించుకొంటిని. నాటినుండి "పైలంగనే ఉంటి గద" యను మాట మా యింట వినబడలేదు. ఏ సోదరి యింటను వినబడకుండుగాక!