చిన్న వర్క్‌షాపుకు సరిపోయే క్యాడ్ సాఫ్ట్‌వేర్

ఒక ఫ్లాంజికో బ్రాకెట్టుకో కొలతలతో డ్రాయింగ్ గీసి లేత్ ఆపరేటరు చేతికివ్వడమే పని అయినప్పుడు, ఏటా చందా కట్టవలసిన ఖరీదైన క్యాడ్ సాఫ్ట్‌వేర్ చిన్న వర్క్‌షాపుకు మోయలేని భారమే కాక అనవసరం కూడా. పొడవు వెడల్పులు మాత్రమే ఉండే టూడీ డ్రాయింగులకు లిబ్రేక్యాడ్ చాలు. క్యూక్యాడ్ కమ్యూనిటీ ఎడిషన్ నుంచి పుట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లేయర్లు, డైమెన్షన్లు, కోసి చూపిన భాగాన్ని సూచించే ఏటవాలు గీతలైన హ్యాచింగ్ అన్నీ ఉన్నాయి. త్రీడీ ఆకృతి నుంచే ఎలివేషన్, ప్లాన్ రాబట్టాలంటే, 2024లో 1.0 వెర్షన్‌కు చేరిన ఫ్రీక్యాడ్ మేలు. అది పారామెట్రిక్ పద్ధతిలో పనిచేస్తుంది, అంటే రంధ్రం వ్యాసాన్ని 10 మి.మీ. నుంచి 12 మి.మీ.కు మారిస్తే ఆకృతితోపాటు దాని డ్రాయింగూ మారుతుంది; నేర్చుకోవడానికి మాత్రం ఓపిక కావాలి.

ధరకన్నా ముందు చూడవలసింది ఫైలు ఫార్మాట్. లేజర్ కటింగ్ షాపులు సాధారణంగా అడిగే డీఎక్స్ఎఫ్‌ను దాదాపు అన్ని క్యాడ్ సాఫ్ట్‌వేర్లూ చదువుతాయి. ఆటోక్యాడ్ సొంత ఫార్మాట్ అయిన డీడబ్ల్యూజీని లిబ్రేక్యాడ్ కొంతవరకు తెరవగలదు కానీ, అందులో సేవ్ చేయలేదు. ఫైలు పంపేముందు యూనిట్లు మిల్లీమీటర్లలో ఉన్నాయా, భారతదేశంలో వాడుకలో ఉన్న ఫస్ట్ యాంగిల్ పద్ధతి ప్రకారం ప్లాన్ ఎలివేషన్‌కు కిందనే వచ్చిందా అని సరిచూసుకోవాలి. ఈ రెంటిలో ఏది తప్పినా ఇనుమూ కూలీ వృథా అవుతాయి.