బుట్టచేతులకు మంగళగిరి గుడ్డ

2018లో ‘మహానటి’ చూసొచ్చాక బీరువాల్లోని బుట్టచేతుల జాకెట్లు మళ్లీ గుర్తొచ్చాయి కదూ! అలాంటిది ఇంట్లోనే కుట్టుకోవాలంటే గుడ్డకు మంగళగిరి వెళ్లాల్సిందే. పానకాల స్వామి కొండ కింది వీధుల్లో గుంట మగ్గాల చప్పుడు ఇంకా ఉంది... మునుపటంత లేదు. మరమగ్గం బట్ట చవక మరి! చేనేతేనా అని అడిగి కొనండి.

జార్జెట్టు చేతులు వాలిపోతాయి. ఈ బిగువు నూలు మాత్రం బుట్టలా నిలబడుతుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరాకే కత్తిరించాలి. లేదంటే మొదటి ఉతుకుకే జాకెట్టు బిగుసుకుంటుంది. చేతిగుడ్డ చంక చుట్టుకొలతకు ఒకటిన్నర రెట్లు తీసుకోండి. పైన రెండు వరుసలు వదులు కుట్టు వేసి దారం లాగితే కుచ్చులు వాటంతటవే పడతాయి. వాటిని భుజం మీదకు తోయండి, చంకలో ఉంటే ఒరుసుకుంటాయి. చేతి చివర నిజాం అంచు వచ్చేలా చూసుకోండి. ఆ జరీ గోపురాలుండగా లేసు దండగ.