నేరము కంట్రోలరుదా, త్రోవదా?

పిల్లల యాటవస్తువు చెడినపుడు ఇంట మొట్టమొదట చెడునది శాంతి. గడచిన వేసవి సెలవులలో మా యింటి వీడియో గేము కంట్రోలరు, తీగ లేనిది, ఆటనడుమ తడబడసాగెను. బొమ్మ పరుగెత్తుమనిన పరుగెత్తదు, ఆగుమనిన ఆగదు. చెల్లెలు క్రింద పడవేసినదని పెద్దవాడు తీర్పు చెప్పెను. చిన్నది కాదని కంట నీరు పెట్టుకొనెను. క్రొత్తది కొనుట వేల రూపాయల మాట. బడిపంతులు జీతమునకు అది బరువే. బాలికపై బడిన నింద అంతకంటె బరువుగా మాకు తోచెను.

పటాన్‌చెరువు కార్ఖానాలో ఫిట్టరుగా నున్న మా పొరుగాయన, మిషను విప్పుటకు ముందు కరెంటును, పిదప వైరును చూడవలెనని చెప్పుచుండును. అన్నంభట్టు తర్కసంగ్రహమునందలి అన్వయవ్యతిరేకములును ఇట్టివే. పొగ యున్నచోట నిప్పుండును, వంటయింట వలె. నిప్పు లేనిచోట పొగ యుండదు, మడుగున వలె. తార్కికులు దృష్టాంతమునకు వంటయింటినే యెన్నుకొనిరి గదా! ఆ విచారము మనకు పరాయిది యెట్లగును?

మేము ఒక్కొక్క మారు ఒక్కదానినే మార్చి చూచితిమి. రెండును కలిపి మార్చినచో కారణము తేలదు. ఛార్జి పూర్తిగా ఎక్కించితిమి, గుణము లేదు. పూర్వము దానితో జతపడిన ఫోనులో బ్లూటూతును ఆపితిమి, గుణము లేదు. అటుపిమ్మట వైరు తగిలించితిమి. కొన్ని యాటపెట్టెలలో వైరు ఛార్జి మాత్రమే యెక్కించును; సంకేతమును వైరు గుండనే పోవునట్లు సెట్టింగులలో ఎంచుకొనవలెను. అట్లు చేయగా గంటసేపు ఆట చక్కగా సాగెను. కంట్రోలరు నిర్దోషి, చెడినది గాలిలోని త్రోవ.

బ్లూటూతును, తఱచుగా వై-ఫైయును, 2.4 గిగాహెర్ట్జుల చెంతనుండు అలలపైననే నడచును. ఇనుము ఆ యలల నడ్డగించును. నీరు నిండిన మన దేహమును కొంత పీల్చుకొనును. దుమ్ము పడకుండునని పెద్దవాడు ఆటపెట్టెను ఇనుప అలమారలో నమర్చియుండెను. వెలుపల బెట్టగా తడబాటు మానెను. మరల లోపల బెట్టగా తిరిగివచ్చెను. వాడు మాఱుమాటలేక చెల్లెలికి తొలియాట నిచ్చెను.

బ్లూటూతు ఒక్క అలనే పట్టుకొనియుండక సెకనునకు 1600 మారుల వరకు అలలు మార్చుకొనుచుండును. ఇట్టి దుముకుడు పద్ధతి యొకదానికి 1942లో హెడీ లమార్ అను సినీనటి, జార్జి ఆంథీల్ అను సంగీతకర్తతో గూడి, అమెరికాలో పేటెంటు బడసెను. టార్పెడోలను నడపు సంకేతమును శత్రువులు చెఱుపకుండుట దాని యుద్దేశము. స్త్రీల బుద్ధికి యంత్రములు దూరమనువారికి ఈ మాట వినిపింపదగును.

వైరు తగిలించినను, వ్రేలు పెట్టకయే బొమ్మ ప్రక్కకు జరుగుచుండినచో అది వేఱు వ్యాధి. బొటనవ్రేలితో కదపు స్టిక్కు క్రిందిపూత రాపిడికి అరుగుట తఱచు కారణము. సెట్టింగులలో డెడ్ జోనును కొంచెము పెంచిన ఉపశమనము కలుగును. పూర్తి చికిత్స భాగము మార్చుటయే. లోపల లిథియము బ్యాటరీ యుండును గావున పిల్లలచేత విప్పింపక మెకానికుకే యొప్పగింపవలెను.

వస్తువును గాని, బిడ్డను గాని, పరీక్షింపక దోషియనరాదు. పరీక్షకు మాకు పట్టినది ఒక్క మధ్యాహ్నము మాత్రమే.