పోనిచ్చేవి - ఆపేవి

 

ఫిబ్రవరి 28న దేశమంతటా జాతీయ సైన్సు దినోత్సవం జరుపుకుంటాం. 1928లో అదే రోజున సర్ సి.వి. రామన్ గారు రామన్ ఫలితాన్ని కనిపెట్టినారు. 1987 నుంచి ఆ రోజును సైన్సు దినంగా జరుపుతున్నారు. ఈసారి ఆ సందర్భంగా మన సైన్సు మాస్టారు 9వ తరగతి వాళ్ళకి ఒక పని పెట్టినారు. ఒక్కొక్కరు ఒక పాఠం తీసుకుని 6వ తరగతి తమ్ముళ్ళకు రెండు ఆదివారాలు స్టడీ అవర్‌లో చెప్పాలి. చీటీలు తియ్యకముందే నేను లేచి, "విద్యుత్ వాహకాలు, బంధకాలు నాకివ్వండి మాస్టారూ" అని అడిగి తీసుకున్నాను. ఎందుకు అడిగినానో కూడా ఇందులోనే రాస్తున్నాను.

మొదటి ఆదివారం 22 మంది తమ్ముళ్ళు కూర్చున్నారు. బోర్డు మీద "వాహకం", "బంధకం" అని రాసినాను. ఎవరూ పలకలేదు. వాళ్ళలో ఇంటి దగ్గర కువి మాట్లాడేవాళ్ళున్నారు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్ళున్నారు. తెలుగు ఇంటిభాష అయినవాళ్ళకు కూడా అవి పుస్తకం మాటలే. అందుకని మాటలు పక్కన పెట్టి ముందు పరికరం తయారు చేసినాం. పాత నోటుబుక్కు అట్ట చుట్టి గొట్టం చేసి, అందులో రెండు టార్చిలైటు సెల్లులు దూర్చినాం. ఒక టార్చి బల్బు, మూడు వైరు ముక్కలు, కొంచెం టేపు. వైరు చివర్లు పళ్ళతో కొరకొద్దని చెప్పి బ్లేడుతో నేనే గీకినాను. "పైన రబ్బరు ఎందుకు తియ్యాలన్నా?" అని ఒకడు అడిగినాడు. తియ్యకుండా ఒకసారి తగిలించి చూడమన్నాను. బల్బు వెలగలేదు. తీసి తగిలిస్తే వెలిగింది. పాఠం అక్కడే సగం అయిపోయింది.

తర్వాత ఎవరికి దొరికింది వాళ్ళు తెమ్మన్నాను. హాస్టల్లో ఏముంటాయో మీకు తెలుసు. తాళం చెవి, రూపాయి బిళ్ళ, స్టీలు కంచం, సత్తు గిన్నె, దువ్వెన, సబ్బుపెట్టె, హవాయి చెప్పు, చింతపిక్క, అడ్డాకు, వెదురు ముక్క, పసుపు కొమ్ము, అన్నీ వచ్చినాయి. ఒక్కొక్కటి రెండు వైర్ల మధ్య పెట్టి చూసినాం. వెలిగినవి ఒక కుప్ప, వెలగనివి ఒక కుప్ప. వెలిగిన కుప్పకు తమ్ముళ్ళే "పోనిచ్చేవి" అని పేరు పెట్టినారు. రెండో కుప్ప "ఆపేవి". అప్పుడు బోర్డు దగ్గరికి పోయి, పోనిచ్చేవే వాహకాలు, ఆపేవే బంధకాలు అని చూపించినాను. ఆ తర్వాత ఎవరూ మర్చిపోలేదు.

రెండు వస్తువులు మాత్రం తగువు పెట్టినాయి. ఒకటి పెన్సిలు. కర్ర కదా, వెలగదు అన్నారు. చిన్న ముక్క తీసుకుని రెండు పక్కలా చెక్కి, నల్లటి మొనలకు వైర్లు ఆనిస్తే బల్బు సన్నగా వెలిగింది. లోపలున్నది గ్రాఫైటు. అది లోహం కాదు, అయినా పోనిస్తుంది. రెండోది ట్రంకు పెట్టె. ఇనుము కదా, తప్పకుండా వెలుగుతుంది అని పందెం వేసుకున్నారు. వెలగలేదు. రంగు లేచిపోయిన చోట తుప్పు గీకి పెడితే వెలిగింది. రంగు ఆపేది, తుప్పు సరిగ్గా పోనివ్వదు, లోపలి ఇనుము పోనిస్తుంది. కాబట్టి వస్తువు పేరు ఒక్కటే చూస్తే చాలదు, అది ఏ స్థితిలో ఉందో కూడా చూడాలి అని చెప్పినాను. రెండో ఆదివారం చెప్పవలసిందంతా ఈ మాట మీదే ఉంది.

ఈ సంగతి మొదట కనుక్కున్నది ఇంగ్లాండులో స్టీఫెన్ గ్రే అనే ఆయన. కాంటర్‌బరీ ఊళ్ళో బట్టలకు అద్దకం వేసే ఇంట్లో పుట్టినాడు. ముసలితనంలో లండన్‌లో చార్టర్‌హౌస్ అనే ధర్మసంస్థలో తిండి, వసతి పొందుతూ ప్రయోగాలు చేసినాడు. 1729లో గాజు గొట్టాన్ని రుద్ది, దాని విద్యుత్తును జనపనార దారం వెంబడి దూరంగా పంపించినాడు. ఆ దారం నేలకు తగలకుండా పట్టుదారాలతో వేలాడదీసినాడు. బరువుకి పట్టుదారం తెగిపోయింది. దాని బదులు సన్నటి ఇత్తడి తీగ కట్టినాడు. అప్పుడు విద్యుత్తు రెండో కొసకు చేరనే లేదు, ఇత్తడి తీగ వెంట జారిపోయింది. సన్నమా లావా అన్నది కాదు, దేనితో చేసింది అన్నదే ముఖ్యమని ఆయనకు అప్పుడు తెలిసింది. మరుసటి ఏడాది ఒక పిల్లవాణ్ణి తాళ్ళతో ఊయలలాగా వేలాడదీసి, మనిషి శరీరం కూడా విద్యుత్తును పోనిస్తుందని చూపించినాడు. ఈ కథ చెప్పినప్పుడు తమ్ముళ్ళు నవ్వినారు. "మనం కూడా పోనిచ్చేవాళ్ళమేనా అన్నా?" అన్నారు. అవును, మనం పోనిచ్చే కుప్పలోనే ఉన్నాం.

ఇక నేను ఈ పాఠం ఎందుకు అడిగినానో చెప్తాను. రెండేళ్ళ కిందట వానాకాలంలో మా చిన్నాన్న కరెంటుకు చనిపోయినాడు. అడవిపందులు పంట తినకుండా ఎవరో చేను చుట్టూ తీగ కట్టి, దానికి లైను నుంచి కరెంటు ఇచ్చినారు. చిన్నాన్న తెల్లవారుజామున ఆవులను వెతుక్కుంటూ పోయి దాన్ని తగిలినాడు. వెంట ఉన్న మనిషి కర్రకు కరెంటు రాదు అనే విన్నాడు. పక్కనున్న చెట్టు కొమ్మ విరిచి తీగను తొయ్యబోయినాడు. అది పచ్చి కొమ్మ, పైగా వానకు తడిసింది. అతన్ని కూడా విసిరి కొట్టింది. అతను బతికినాడు గాని ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా లేవదు. అతను పిరికివాడు కాడు, తెలివి తక్కువవాడూ కాడు. "కర్ర ఆపేది" అన్న మాట విన్నాడు. ఎండు కర్ర అన్న మాట అతనికి ఎవరూ చెప్పలేదు.

రెండో ఆదివారం ఇదే చేసి చూపించాలని అనుకున్నాను. ఎండు పుల్ల పెట్టినాం, బల్బు వెలగలేదు. దాన్ని నీళ్ళలో నానబెట్టి పెట్టినాం. అప్పుడు కూడా వెలగలేదు. ముందు బెంచీలో ఉన్న తమ్ముడు, "అయితే తడి కర్ర కూడా ఆపేదే కదన్నా" అన్నాడు. ఈ ప్రశ్న కోసమే నేను చూస్తున్నాను. ఉప్పు నీళ్ళు తెప్పించినాను. రెండు వైర్లూ ముంచితే బల్బు వెలగలేదు. ఇప్పుడు బల్బు తీసేసి, పాడైన బొమ్మలోంచి తీసిన ఎర్రటి ఎల్ఇడి లైటు పెట్టి, ఇంకొక సెల్లు చేర్చినాను. అవే ఉప్పు నీళ్ళలో అది ఎర్రగా వెలిగింది. అందరూ లేచి నిలబడినారు.

బల్బు వెలగలేదంటే కరెంటు పోలేదని కాదు, బల్బుకు చాలినంత పోలేదని అర్థం. మామూలు టార్చి బల్బు బాగా వెలగాలంటే సుమారు 0.3 ఆంపియర్లు కావాలి. మనిషి గుండె ఆగడానికి 0.1 ఆంపియరు చాలు. అందులో పదో వంతు పోయినా చెయ్యి బిగుసుకుపోయి తీగను వదలలేం. అంటే మనిషిని చంపే కరెంటు మన బల్బును సరిగ్గా వెలిగించలేదు కూడా. ఇంకో లెక్క కూడా బోర్డు మీద వేసినాం. ఒక సెల్లు 1.5 వోల్టులు. గోడలోని ప్లగ్గు 230 వోల్టులు. భాగిస్తే 153 సెల్లులు వరసగా పెట్టినట్టు. రెండు సెల్లులకు పోనివ్వనట్టు కనబడిన తడి కర్ర, తడి గోడ, తడి చెయ్యి అన్ని సెల్లులకు పోనిస్తాయి. చర్మం బాగా పొడిగా ఉంటే మన నిరోధం లక్ష ఓముల దాకా ఉండవచ్చు. తడిస్తే వెయ్యి ఓముల దగ్గరికి పడిపోతుంది. 230ని వెయ్యితో భాగించి తమ్ముళ్ళే 0.23 అని చెప్పినారు. తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ప్లగ్గులో దేన్నీ ప్రయోగానికి పెట్టకూడదు, మన ప్రయోగాలన్నీ సెల్లులతోనే అని ముగ్గురి చేత మళ్ళీ చెప్పించినాను.

తర్వాత వాళ్ళను బయటికి తీసుకుపోయి, గేటు అవతల ఉన్న కరెంటు స్తంభాన్ని దూరం నుంచి చూపించినాను. మన కొండల్లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. అక్కడి నుంచి కరెంటు తీగల మీద మైళ్ళ కొద్దీ పోతుంది. చాలా చోట్ల దాన్ని స్తంభంలోకి దిగకుండా ఆపేవి పింగాణీ గిన్నెలు. అవి బోర్లించిన గిన్నెల్లా ఎందుకుంటాయి? వాన పడినా గిన్నె అడుగు భాగం పొడిగా ఉండాలని. పింగాణీ అంత మంచి బంధకానికే గొడుగు పట్టినారంటే, మన చేతిలోని కర్ర మాట చెప్పాలా?

మిత్రులారా, దసరాకి, సంక్రాంతికి మనందరం ఊళ్ళకు పోతాం. ఇంట్లో చదువుకున్నవాళ్ళం మనమే కాబట్టి మన మాట వింటారు. అందుకని ఇవి గుర్తు పెట్టుకోండి.

ఎవరికైనా షాకు కొడితే చేత్తో లాగకండి. ముందు స్విచ్చి కాని మెయిను కాని ఆపండి. ఆపడానికి వీలులేకపోతే, ఇంటి కరెంటు అయితే మాత్రమే, పొడి చోట నిలబడి బాగా ఎండిన కర్రతో తొయ్యండి. పచ్చి కొమ్మ, తడి వెదురు వద్దు. బయట లైను తీగ తెగి పడితే ఏ కర్రా పనికి రాదు. పది మీటర్ల లోపలికి పోకండి, ఎవర్నీ పోనివ్వకండి. లైనుమనుకు చెప్పండి, లేదా 1912కు ఫోను చెయ్యండి. మనిషికి దెబ్బ తగిలితే 108. చేనుకు కరెంటు తీగ కట్టడం నేరం. కట్టినవాళ్ళు మన బంధువులైనా సరే, తీసెయ్యమని చెప్పండి.

హాస్టల్ విషయంలో వార్డెన్ గారికి ఒక మనవి. బాత్రూముల వరండాలో బట్టలు ఆరేసుకునే ఇనుప తీగ ఒక కొస లైటు వైరుకు దగ్గరగా ఉంది. వానాకాలం రాకముందే దాన్ని తీయించి నైలాన్ తాడు కట్టించవలసిందిగా కోరుతున్నాం. తాడు కట్టడానికి మేము పది మందిమి సిద్ధంగా ఉన్నాం. నైలాన్ తాడైనా తడి బట్టలతో తడుస్తుంది కాబట్టి వైరుకు దూరంగానే కడతాం.

వచ్చే ఆదివారం ఎర్ర లైటు పరికరం నా దగ్గరే ఉంటుంది. చూడాలనుకునేవాళ్ళు స్టడీ అవర్ తర్వాత రావచ్చు. ఉప్పు మాత్రం మెస్సులో అడిగి తెచ్చుకోండి.

ఇట్లు,
మీ సోదరుడు,
9వ తరగతి