సొమ్ము మంచుది, సోకు గంగది

భాగీరథి పుట్టుకే బూడిదరంగు. సుమారు 4,000 మీటర్ల ఎత్తున, గోముఖ్ దగ్గర మట్టి పట్టిన మంచుగోడ కిందినుంచి అది ఉరికొస్తుంది. గంగోత్రిలో చెంబు నింపుకున్న తెలుగు యాత్రికులు రాత్రంతా దాన్ని కదపకుండా ఉంచితే, అడుగున సన్నని పొడి పేరుకుంటుంది. అది మురికి కాదు, రాతిపిండి.

ఆ పిండి విసిరింది గంగోత్రి హిమానీనదం. దాదాపు 30 కిలోమీటర్ల పొడవున్న ఆ మంచు కదలనట్టే కనిపిస్తూ తన బరువుకు తానే కిందికి జారుతుంటుంది. పగుళ్లలో దూరిన నీరు గడ్డకట్టి బండల్ని చీలుస్తుంది. ఆ ముక్కలు మంచు అడుగున ఇరుక్కుని కింది రాతిని ఆకురాయిలా అరగదీస్తాయి. 1935 నుంచి 1996 లోపు ఈ హిమానీనదం ముఖం కిలోమీటరుకు పైగా వెనక్కి తగ్గింది.

గోముఖ్ దిగువన భోజ్‌బాసా దారిలో పొడవాటి రాతిగుట్టలు కనిపిస్తాయి. మంచు వదిలేసి వెళ్లిన ఈ గుట్టలనే మొరైన్లు అంటారు. అక్కడ ఆగి ఒక రాయిని చూడండి: తెల్లని గ్రానైటులో నల్లని టూర్మలైన్ పలుకులు. ఎగువ శిఖరాల్లోని రాయి అది. దాని పక్కన ఇల్లంత బండ, ఆ సందులో ఇసుక. నీరైతే బరువును బట్టి ఏరి పెడుతుంది, మంచుకు ఆ తీరిక లేదు.

గంగోత్రి దాటాక భైరవ్ ఘాటీ దగ్గర లోయ ఒక్కసారిగా ఇరుకైపోతుంది. జాడ్ గంగ వచ్చి కలిసేది ఇక్కడే. ఈ చీలిక మాత్రం నీరు కోసిందే.

హర్సిల్‌లో లోయ మళ్లీ విశాలమవుతుంది. నది గులకరాళ్ల మీద పాయలుగా చీలి పారుతుంది. ఇంత వెడల్పు లోయను ఈ నదే తొలిచిందనుకుంటే పొరపాటే. వేల ఏళ్ల క్రితం హిమానీనదం గోముఖ్‌కు సుమారు 40 కిలోమీటర్ల దిగువన, ఝాలా దాకా వచ్చింది. అది వెడల్పు చేసిన దారిలో ఇప్పుడు నది నడుస్తోంది. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే.

హర్సిల్ పొరుగునే ధరాలీ ఉంది. పక్క లోయలో మంచు కుప్పపోసిన వదులు రాళ్లను ఖీర్ గంగ వాగు కిందికి తోసుకొచ్చి పరిచిన నేల అది. చదునుగా ఉందని ఇళ్లు, హోటళ్లు కట్టారు. 2025 ఆగస్టు 5న అదే వాగు బురద, బండలతో విరుచుకుపడి ఊళ్లో చాలా భాగాన్ని కప్పేసింది. వాగు పరిచిన నేల మీద వాగుకే అడ్డంగా కట్టడం తెలివైన పని కాదు.

ఝాలా దాటి సుక్కీ వైపు సాగితే లోయ గొంతు బిగుస్తుంది. ఇక్కడినుంచి చెక్కుడు పని నదిదే. మంచు విసిరిన పిండి మాత్రం ఉత్తరకాశీ మీదుగా ప్రయాణం సాగిస్తూనే ఉంటుంది. టెహ్రీలో 260.5 మీటర్ల ఎత్తైన ఆనకట్ట వెనక నీరు నెమ్మదించి, ఆ పిండిలో చాలా భాగం జలాశయం అడుగుకు చేరుతుంది.