బాట రాయబారులు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున మన తెలుగు కుటుంబములు పెక్కు గలవు. అచ్చటి అడవిబాటలయందును, గిల్బర్టు పట్టణము చెంతనున్న పాత ఇనుపగనుల భూములయందును వినోదార్థము నడపు ఒక తీరు బండిని గూర్చి ముచ్చటింప దలచితిమి. దానికి చక్రములు నాలుగు. అయినను మోటారుసైకిలువలె కాళ్లు ఇరుప్రక్కల వేసి యెక్కి, చేపిడులు పట్టి నడపుదురు. వెడల్పైన మెత్తని టైర్లుండుటచే బురదను, ఇసుకను, రాళ్లను అవలీలగా దాటును. 1970లో హోండావారు మూడుచక్రముల బండిగా దీనిని అమెరికాలో అమ్మిరి. అది తరచుగా బోర్లపడి ప్రాణములు తీయుచుండగా, 1988లో ప్రభుత్వముతో జరిగిన యొడంబడికచే తయారీదారులు దాని విక్రయమును మానిరి. నాలుగవ చక్రము వచ్చినంతమాత్రమున భయము తొలగినదని యెంచరాదు.

దీని ఆసనమును జూడుడు. పొడవుగా నుండి, ఇద్దరికి చాలునని తోచును. కాని ఒక్కరికై చేసిన బండియందు ఆ చోటు రెండవవారికై విడిచినది కాదు. ఎత్తుపల్లములందు, మలుపులందు నడపువాడు ముందువెనుకలకును ప్రక్కలకును జరిగి, తన బరువుచేతనే బండిని నిలుపుకొనవలయును. అచ్చట బిడ్డను గూర్చుండబెట్టినచో జరుగుటకు తావుండదు. మిట్ట నెక్కునపుడు బరువు వెనుకకుబోయి, ముందుచక్రములు లేచి, బండి తిరుగబడవచ్చును. ఒక్క స్కూటరుపై నలుగురము సంతకు బోవుట కలవాటుపడిన మన కన్నుల కీ యపాయము సులభముగా గోచరింపదు!

ఈ మాట చెప్పుటకే అచ్చట బాట రాయబారులు తిరుగుచుందురు. వీరు జీతగాండ్రు కారు. అట్టి బండ్లను నడపు సంఘములవారు. రాష్ట్రపు ప్రకృతివనరుల శాఖ వీరికి శిక్షణ నొసగును. ఎదురైనవారిని పలుకరించి, పటములిచ్చి, నియమములు తెలిపి, బాట చెడినచోట శాఖకు తెలియజేయుదురు. జరిమానా విధించు అధికారము మాత్రము లేదు.

"బెత్తము లేనివాని మాట యెవరు విందురు?" అని మా యింటివారు. బడిపంతులుగారు గదా! మేమట్లు తలపము. ఉపదేశము ప్రభుసమ్మితము, మిత్రసమ్మితము, కాంతాసమ్మితము నని మూడు తెరగులని ఆలంకారికులు చెప్పిరి. పదునెనిమిదేండ్లలోపువారు ప్రభుత్వభూములందు శిరస్త్రాణము ధరింపవలెనని చట్టము ప్రభువువలె శాసించినది; కాని ప్రతి మలుపునను అధికారి నిలువలేడు. రాయబారి యన్ననో తానును అట్టి బండియెక్కి, అదే బురదలో, శిరస్త్రాణముతో వచ్చినవాడు. బిడ్డయెదుట తండ్రిని చిన్నబుచ్చక, "అన్నా, ఆ చోటు మీరు జరుగుటకు" అని మిత్రునివలె చెప్పగలడు. జరిమానా కట్టినవాడు అధికారిని తిట్టుకొనును. కారణము తెలిసినవాడు మరునాడు బిడ్డను దింపును.

ఎల్లరును దింపుదురని మేమనము. తండ్రి నవ్వి సాగిపోయినచో, రాయబారి చేయగలిగినది చూచినదానిని శాఖవారికి తెలుపుట మాత్రమే. అందాక ఆ బిడ్డ వెనుకనే కూర్చుండి యుండును.