అరకు ఘాట్, అద్దె కారు, 649 రూపాయలు

డిసెంబర్‌లో ఒక ఉదయం. టైమ్ ఐదు కావస్తోంది. వైజాగ్‌లో అద్దె కారు పక్కన నిలబడి ఫోన్‌లో ఒక చిన్న గడి దగ్గర ఆగిపోయాను. 'అదనపు ప్రొటెక్షన్: 649 రూపాయలు' అని ఉంది. టిక్ పెట్టాలా, వద్దా?

రెండు రోజులకి కారు అద్దె 4,200. వెళ్ళేది అరకు. నాన్న ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు స్టీరింగ్ పట్టిన మనిషి. ఆ ఘాట్‌లో ఎన్నిసార్లు బస్సు ఎక్కించి దించాడో ఆయనకే లెక్క తెలీదు. అమ్మ మాత్రం ఒక్కసారి కూడా ఆ కొండ ఎక్కలేదు. అందుకే ఈ ట్రిప్పు.

ఇంజినీరింగ్ బుర్ర కదా, ముందు లెక్క వేసింది. ప్రొటెక్షన్ లేకుండా కారుకి దెబ్బ తగిలితే నేను 15,000 వరకు కట్టాలి. తీసుకుంటే 2,000 దాటదు. అంటే 649 పెట్టి 13,000 రిస్కు తగ్గించుకోవడం. భాగిస్తే దాదాపు 5 శాతం. ఇరవై ట్రిప్పుల్లో ఒకసారైనా పెద్ద దెబ్బ తగులుతుందనుకుంటేనే గిట్టుబాటు. నేనేమో రెండేళ్ళుగా హైదరాబాద్ ట్రాఫిక్‌లో నడుపుతున్నా, ఒక్క గీత పడలేదు. అక్కర్లేదని తేల్చేశాను.

"తీసుకోరా," అన్నాడు నాన్న.

ఆశ్చర్యపోయాను. "నువ్వే అంటున్నావా నాన్నా? సర్వీసంతా యాక్సిడెంట్ లేకుండా నడిపినోడివి!"

"బస్సుకి తగిలిన గీతలన్నీ నా తప్పువల్లే తగిల్నాయేటి? నీ లెక్క ఎదుటోడికి తెలీదు కదా."

టిక్ పెట్టేశాను. పెట్టాకైనా షరతులు చదివాను. చాలామంది అదీ చదవరు, ఇంతకుముందు నేనూ చదవలేదు. అందుకే ఇక్కడ కాస్త వివరంగా చెప్తాను.

మొదటి విషయం, మనం అక్కడ కొనేది చాలాసార్లు అసలు ఇన్సూరెన్స్ పాలసీయే కాదు. కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండి తీరాలి, అది 1988 మోటారు వాహనాల చట్టం చెప్పిన మాట. మనవల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి అది. మనం నడిపే కారుకి పడే సొట్టకి కాదు. యాప్‌లో అమ్మే 'ప్రొటెక్షన్' మనకీ కంపెనీకీ మధ్య ఒప్పందం. 'సొట్ట పడితే నీ దగ్గర ఇంతకుమించి వసూలు చెయ్యం' అని. అంతే.

రెండోది నంబర్ ప్లేటు. సెల్ఫ్ డ్రైవ్‌కి ఇచ్చే కారుకి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. తెల్ల ప్లేటున్న సొంత కారుని ఎవరైనా అద్దెకిస్తే జాగ్రత్త. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ అద్దె వాడకానికి సాధారణంగా వర్తించదు. అప్పుడు ఏదైనా జరిగితే మీరు 649 కట్టినా, 6,490 కట్టినా పెద్ద తలనొప్పే.

మూడోది, ఏవి కవర్ కావు అన్న లిస్టు. నా ఒప్పందంలో టైర్లు, కారు కింది భాగం లేవు. తాగి నడిపితే లేదు. 24 గంటల్లోపు చెప్పకపోతే లేదు. చివరి లైను: 'బుకింగ్‌లో పేరు నమోదు కాని వ్యక్తి నడిపితే ప్రొటెక్షన్ వర్తించదు.' చదివి, పట్టించుకోకుండా కిందికి జరిపేశాను.

కారు తీసుకునే ముందు చుట్టూ తిరిగి వీడియో తీశాం. పాత గీతలు, చక్రాలు, కిలోమీటర్ల రీడింగ్, అన్నీ. తర్వాత పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట. అక్కడ టీ తాగి బయల్దేరితే బొడ్డవర దాటాక కొండ మొదలైంది.

వైజాగ్ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. మ్యాప్‌లో చూస్తే ఎంత, మూడు గంటలు. కానీ ఆ ఘాట్ మ్యాప్‌లో కనిపించినట్టు ఉండదు. మలుపు తిరిగితే ఇంకో మలుపు, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. ఆ రోజు పైనుంచి మంచు కూడా దిగింది. పది మీటర్ల ముందు ఏముందో కనిపించట్లేదు. ట్రాఫిక్‌లో రెండేళ్ళ అనుభవం అక్కడ ఎందుకూ పనికిరాలేదు. నా చేతులు స్టీరింగ్‌ని ఎంత గట్టిగా పట్టుకున్నాయో నాన్న చూశాడు.

"ఇటియ్యి, నేను తోల్తాను."

నాకు హాయిగా అనిపించింది. కారు పక్కకి తీసి బెల్టు విప్పబోయాను. అప్పుడు గుర్తొచ్చింది ఆ చివరి లైను. బుకింగ్‌లో ఉన్నది నా పేరొక్కటే. నాన్న లైసెన్సు జేబులోనే ఉంది, చెల్లుబాటులోనే ఉంది. యాప్‌లో రెండో డ్రైవర్‌గా చేర్చడానికి రెండు నిమిషాలు పట్టేది. నేను చేర్చలేదు. ఇప్పుడు చేద్దామంటే సిగ్నల్ లేదు.

విషయం చెప్పాను. నాన్న ఏమీ అనలేదు. అద్దంలోంచి చూస్తే అమ్మ ఆయన వైపే చూస్తోంది. ఆ కారులో ఆ రోడ్డు తెలిసిన మనిషి ఒక్కడే. ఆయన స్టీరింగ్ ముట్టుకుంటే నా 649కి విలువ లేదు. భద్రత కోసం డబ్బు కట్టి, అసలు భద్రతని పక్క సీట్లో కూర్చోబెట్టాను.

కాసేపటికి ఆయనే మొదలుపెట్టాడు. "లైటు డిమ్‌లో పెట్టు. హైబీమ్ వేస్తే మంచు తెల్లగా కొట్టి ఇంకేం కనపడదు. మలుపుకి ముందు హారన్ కొట్టు. తొందరేం లేదు."

డముకు వ్యూ పాయింట్ దాటాక జరగాల్సింది జరిగింది. ఎదురుగా జనంతో కిక్కిరిసిన జీపు ఒకటి మలుపులో మా వైపుకి వచ్చేసింది. నేను బాగా ఎడమకి తీశాను. అయినా 'టక్'మని శబ్దం. కుడి పక్క అద్దం మడత పడింది, తలుపు మీద పొడవాటి గీత. జీపు ఆగలేదు.

నాకు కోపం ముంచుకొచ్చింది. వెనక్కి తిప్పి పట్టుకుందామన్నంత కోపం. నాన్న నా భుజం మీద చెయ్యేశాడు. "ఎవరికీ ఏం కాలేదు. ఫోటోలు తియ్యి. పోదాం."

ఆ క్షణంలో 649 పని చేసింది. 15,000 పోతుందన్న భయం ఉండుంటే ఆ మంచులో నేను యూటర్న్ తీసుకునేవాణ్ణేమో. 2,000కి మించదని తెలుసు కాబట్టి ఫోటోలు తీసి ముందుకి కదిలాను. సిగ్నల్ రాగానే యాప్‌లో రిపోర్ట్ పెట్టాను.

గాలికొండ దగ్గర ఎండొచ్చింది. మంచు మెల్లగా లోయలోకి జారుతుంటే అమ్మ రోడ్డు పక్కన నిలబడి చాలాసేపు చూసింది. "ముప్పై ఏళ్ళు ఇదంతా నువ్వొక్కడివే చూసావేటి?" అంది నాన్నతో. "బస్సు తోల్తూ లోయలోకి చూస్తానేటి?" అన్నాడాయన. నిజమే. ఆయన కూడా తీరిగ్గా చూడటం అదే మొదటిసారి. నేను నడపబట్టి.

మర్నాడు దిగేటప్పుడు పాఠం రెండో భాగం. "ఎక్కినప్పుడు ఏ గేరో, దిగినప్పుడూ అదే గేరు. బ్రేకు మీద కాలు పెట్టుకుని కూచోకు, వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఎక్కేవాడికి ముందు దారియ్యి." ఏ షరతుల పేజీలోనూ లేని విషయాలివి.

కారు అప్పగించాక బిల్లు వచ్చింది. తలుపు, అద్దం కలిపి 3,800. నేను కట్టింది 2,000. ప్రొటెక్షన్ ఖర్చు కలిపితే 2,649. అంటే నాకు మిగిలింది 1,151 రూపాయలు. మొదట వేసిన లెక్కలో 13,000 కనిపించింది కానీ, చిన్న గీతలకి మిగిలేది ఈ మాత్రమే. ఊళ్ళో నాలుగు కిలోమీటర్లు తిరగడానికైతే ఈ డబ్బు కట్టనేమో. ఘాట్‌కైతే మళ్ళీ కడతాను.

అయితే ఇకమీదట ముందు చూసేది ఆ గడి కాదు. వచ్చే నెల లంబసింగి వెళ్తున్నాం. నిన్న రాత్రి బుకింగ్ మొదలుపెట్టగానే నాన్నకి ఫోన్ చేశాను.

"లైసెన్సు రెండు వైపులా ఫోటో తీసి వాట్సాప్ చెయ్యి నాన్నా."

"ఎందుకురా?"

"రెండో డ్రైవర్‌వి నువ్వే."

రెండు నిమిషాల్లో ఫోటోలు వచ్చాయి. వెనకాలే ఒక వాయిస్ మెసేజ్. అమ్మది. "ఘాట్‌లో మీ నాన్నే తోల్తారట. ఇప్పట్నుంచే చెప్తన్నారు."